సీతాఫలానికి నేను తెచ్చిన చేదు

ముప్పై ఎనిమిదేళ్లు బట్టీ ముందు నిలబడిన మనిషిని నేను. పేరు బాషా. హిందూపురంలో పని నేర్చుకున్నాను, పెనుకొండలో మాస్టర్‌నయ్యాను, తిరిగి హిందూపురంలోనే పోయినేడు పని మానుకున్నాను. బేకరీలో మాస్టర్ అంటే పిండి కలిపి, బట్టీ వేడి చూసి, సరుకు మాడకుండా బయటికి తీసేవాడు. మా నాయన దూది ఏకి పరుపులు కుట్టేవాడు. ఆయన దూది దుమ్ముకు దగ్గేవాడు, నేను మైదా దుమ్ముకు దగ్గుతున్నాను. మీ ఇంట్లో ఆస్తి పంచుకోవడం సులభం, తెల్లదుమ్మే కదా అని నా భార్య హసీనా ఎగతాళి చేస్తుంటుంది.

ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు అప్పుడప్పుడూ నా దగ్గరికి వస్తారు. కేకు మెత్తగా రావాలంటే ఏం చేయాలి, రస్కు కరకరలాడాలంటే ఎంతసేపు ఉంచాలి అని అడుగుతారు. వాటికి జవాబులు వాళ్ల ఫోన్లలోనే ఉన్నాయి, నాకన్నా బాగా చెప్పేవాళ్లున్నారు. నేను చెప్పగలిగింది వేరే ఉంది. ఒక పండు, ఆ పండు అమ్మే ఒక అవ్వ, నా నోటి నుంచి వచ్చిన ఒక మాట. ఈ మూడూ కలిస్తే నా ఉద్యోగం మొత్తం అందులోనే ఉందని ఇప్పుడు అనిపిస్తోంది. నాకు గొప్ప తెచ్చే కథ కాదు కాబట్టి ఇన్నేళ్లూ రాయలేదు.

దిగే వేడి

నాకు పని నేర్పింది సిద్దప్ప. కర్ణాటక వైపు నుంచి వచ్చి హిందూపురంలో స్థిరపడిన కుటుంబం వాళ్లది. ఆయన తెలుగులో సగం కన్నడం ఉండేది. పట్టుగూళ్ల మార్కెట్‌కు వచ్చే రైతులు, బెంగళూరు బస్సు కోసం కాచుకునేవాళ్లు, అందరూ ఆయన షాపు ముందు ఆగి ఏదో ఒకటి తిని పోయేవాళ్లు.

అప్పట్లో కరెంటు ఓవెన్లు లేవు. ఇటుకలతో కట్టిన బట్టీ. లోపలే తుమ్మకట్టెలు మండించి, నిప్పులు బయటికి లాగేసి, తడి గోనె చుట్టిన కర్రతో అడుగు తుడిచేవాళ్లం. ఆ తర్వాత మంట ఉండదు, ఇటుకలు పట్టుకున్న వేడే రోజంతా పని చేస్తుంది. వేడి ఎంతుందో తెలియడానికి పిడికెడు మైదా లోపల చల్లి, అది ఎంతసేపటికి ఎర్రబడుతుందో చూసేవాళ్లం. సిద్దప్ప చెప్పిన పాఠం నాకు ఇప్పటికీ నోటికి వచ్చు.

"బట్టీకి కోపముంటాది బాషా. కోపంలో ఉన్నప్పుడు రొట్టె పెట్టు. కోపం దిగినాక బిస్కత్తు పెట్టు. అది పండుకునే ముందర పండు పెట్టు."

ఆ చివరి వేడిని ఊరికే పోనివ్వడం ఆయనకు ఇష్టముండేది కాదు. దసరా దాటి, వానలు వెనకబడి, సాయంత్రాలు చల్లబడే రోజుల్లో ఆ వేడిలో జామపండ్లు పెట్టేవాళ్లం. దోరగా పండిన కాయలను గింజ తీసి ముక్కలు కోసి, బెల్లం, శొంఠి, యాలకులు చల్లి ట్రేలో పరిచేవాళ్లం. మిగిలిన రస్కులను నూరి, నెయ్యి పట్టించి పైన కప్పేవాళ్లం. రెండు గంటలకు బెల్లం పాకమై, పండు మెత్తబడి, పైపొర కరకరలాడుతూ ఉండేది. మోదుగాకు దొన్నెలో వేడివేడిగా వేసి, చిక్కటి పాలు ఒక గరిటె పోసి ఇచ్చేవాళ్లం. జనమే దానికి జామబట్టీ అని పేరు పెట్టారు. ఆ రెండు మూడు నెలలు సాయంత్రమైతే "జామబట్టీ దిగిందా?" అని అడిగేవాళ్లే.

నేర్చుకునే రోజుల్లో ఒకసారి తొందరపడి, బట్టీకి ఇంకా కోపం దిగకముందే ఆ ట్రే లోపలికి తోశాను. బెల్లం బొగ్గయింది. సిద్దప్ప తిట్టలేదు. మాడిన ట్రే నా చేతికిచ్చి గీకమన్నాడు. రెండు రోజులు గీకాను. ఆ తర్వాత నా జీవితంలో బెల్లం మాడలేదు.

ఆయన అంత మంచి గురువు. కానీ ఆయన నేర్పినదంతా మంచిది కాదు. "తప్పు బట్టీ కాడ ఒప్పుకో, గల్లా కాడ ఒప్పుకోవద్దు" అని కూడా ఆయనే నేర్పాడు. కొనేవాళ్ల ముందు మాస్టర్ ఎప్పుడూ తప్పు చేయడు, సరుకో, కరెంటో, వాతావరణమో చేస్తుంది. నేను ఈ పాఠాన్ని కూడా మొదటి పాఠమంత శ్రద్ధగా నేర్చుకున్నాను. గురువు చెప్పిన రెండు మాటల్లో ఏది పట్టుకోవాలో, ఏది వదలాలో తెలుసుకునే వయసు కాదది.

నాగమ్మవ్వ

పెనుకొండలో సిద్దప్ప రెండో షాపు తెరిచి నన్ను మాస్టర్‌గా పంపాడు. షాపు ఎదురుగా రోడ్లు కలిసే కూడలిలో సీతాఫలాల సీజన్‌లో గంపలు పెట్టుకుని ఆడవాళ్లు కూర్చునేవాళ్లు. వాళ్లలో పెద్దది నాగమ్మవ్వ. తెల్లారకముందే కొండెక్కి, కన్ను విచ్చిన కాయలు మాత్రమే కోసుకొచ్చి, గడ్డిలో మాగబెట్టి అమ్మేది. కన్ను విచ్చడమంటే కాయ మీది గడుల మధ్య పచ్చదనం పోయి లేత పసుపు తేలడం. అది చూడకుండా కోసిన కాయ ఎన్నాళ్లు దాచినా పండదు.

కాయ నొక్కి చూస్తే ఆమెకు ఒళ్లు మండేది. "నొక్కితే నీదే" అనేది బెంగళూరు కార్ల వాళ్లతో. నన్ను కూడా వదిలేది కాదు.

"ఏమప్పా బాషా, పొద్దస్తమానం పొయ్యిలో తల పెడతాండావు. ఇంకా ఉడకలేదా నీ తల?"

మా ఇద్దరికీ ఒక ఒప్పందం ఉండేది. ఆ ఏళ్లలో రంజాన్ మాసం సరిగ్గా సీతాఫలాల కాలంలోనే వచ్చేది. ఉపవాసంలో నేను ఏదీ నోట్లో పెట్టుకోను. మాస్టర్ నాలుక పని చేయకపోతే బేకరీ నడవదు కదా. అందుకని రంజాన్ రోజుల్లో నాగమ్మవ్వే నాకు నాలుక. మధ్యాహ్నం దాటాక పిలిస్తే కొంగుకు చేతులు తుడుచుకుంటూ వచ్చి, ఒక ముక్క కొరికి, మొహమాటం లేకుండా చెప్పేది. "ఉప్పు తక్కువుండాది." "ఇది మీ ఓనరుకే పెట్టు, మనుషులకొద్దు." ఆమె బాగుందంటే నేను కళ్లు మూసుకుని అమ్మేవాణ్ణి.

దానికేముంది

అలాంటి ఒక రంజాన్‌లో ధర్మవరం నుంచి శ్రీనివాసులు అనే అతను వచ్చాడు. వాళ్లది పట్టుచీరలు నేసే ఇల్లు. వాళ్ల నాయనకు చూపు తగ్గి, ఆ వారమే మగ్గం దిగిపోతున్నాడు. ఆయన నేసిన ఆఖరి చీరను మగ్గం మీద నుంచి కోసే రోజు బంధువులను, తోటి నేతగాళ్లను పిలిచి అన్నం పెట్టాలని కొడుకు కోరిక.

"మీ జామబట్టీ తిన్యాను సార్, శానా బాగుండాది. మా నాయనకి సీతాఫలమంటే ప్రాణం. జామకి బదులు సీతాఫలంతో చేసిస్తారా?"

"దానికేముందన్నా, చేసిస్తా" అన్నాను.

పిల్లలూ, ఈ పనిలో అన్నింటికన్నా ప్రమాదమైన మాట "దానికేముంది." నేను అంతకుముందు సీతాఫలాన్ని బట్టీలో పెట్టలేదు. "ఒకసారి చేసి చూసి చెబుతానన్నా" అని ఉంటే సరిపోయేది. కొత్తగా మాస్టర్‌నయ్యానన్న పొగరు ఆ మాట అననివ్వలేదు.

నాగమ్మవ్వ దగ్గరే రెండు గంపలు కొన్నాను. ఎందుకింతని అడిగితే "పెద్ద ఆర్డరవ్వా" అని మాత్రం చెప్పాను. గింజలు తీయడానికే సగం రోజు పట్టింది. ఆ గుజ్జును కోవాలో, బెల్లంలో కలిపి, రస్కు పొడి కప్పి, దిగే వేడిలో పెట్టాను. బయటికి తీసినప్పుడు రంగు బంగారం. వాసన షాపంతా నిండింది. సరుకు తీసుకుపోయే ఆటో బయట హారన్ కొడుతోంది. కూడలిలో నాగమ్మవ్వ కూర్చునే ఉంది, పిలిస్తే రెండు నిమిషాల్లో వస్తుంది. పిలవలేదు. నిండుగా, నున్నగా ఉన్న ట్రేలలో చెంచా పెట్టి గుంట చేయడం ఇష్టం లేకపోయింది. వాసనే చెబుతోంది కదా అనుకున్నాను.

ఉపవాసం వల్ల రుచి చూడలేకపోయానని తర్వాత చాలామందికి చెప్పుకున్నాను. అది నిజం కాదు. రుచి చూసే మనిషి ఎదురుగానే ఉంటే పిలవకపోవడం నా తప్పు, దేవుడి ఉపవాసానిది కాదు.

ఒక్క మాట

గోనెసంచులు కప్పి వేడి పోకుండా ట్రేలు ధర్మవరం చేర్చాను. మగ్గం గది నిండా మనుషులు. పెద్దాయన చీర కోసి, మగ్గానికి మొక్కి, కాసేపు దాని మీద చెయ్యి అట్లాగే ఉంచాడు. ఆ తర్వాత భోజనాలు. చివర్లో దొన్నెల్లో నా సీతాఫలం.

మొదటి వరసలో ఒకామె నోట్లో పెట్టుకుని ఆగిపోయింది. పక్కామె కొంగు అడ్డం పెట్టుకుని దొన్నెలోకే ఊసింది. "ఏందిది, యాపాకు కలిపినారా?" అని ఒకాయన గట్టిగా అన్నాడు. గొంతు పట్టుకుందని ఇంకొకరు నీళ్లడిగారు. ఒక్కొక్కరే దొన్నె కింద పెట్టేశారు.

శ్రీనివాసులు నన్ను వాకిట్లోకి తీసుకొచ్చాడు. అతని కళ్లలో నీళ్లున్నాయి. "ఏమి సార్ ఇది? ఈ పొద్దు మా నాయనకి జరగాల్సిన మర్యాద ఇదేనా?"

"కాయల్లోనే ఏదో తేడా ఉన్నట్లుందన్నా" అన్నాను.

పక్కనున్న అతని బావమరిది అందుకున్నాడు. "మందు కొట్టిన కాయలేమోబ్బా. యాడ కొన్నారు?"

"పెనుకొండ కూడల్లో. నాగమ్మ అని, ఆమె దగ్గర."

"అయితే మందే. మందు కొట్టింటారు."

నేను అవునన్నట్లు తల ఊపాను.

అంతే. ఒక నిమిషం కూడా పట్టలేదు. కొండ మీద తనంతట తానే పెరిగే చెట్లకు ఎవరు మందు కొడతారు? అది నాకు తెలుసు, అయినా తల ఊపాను. శ్రీనివాసులు కోపం నా మీద నుంచి పక్కకు తిరగడం కళ్లారా చూశాను, ఊపిరి పీల్చుకున్నాను. లోపలికి వెళ్తే పెద్దాయన ఒక్కడే తన దొన్నె మొత్తం తినేశాడు. ఖాళీ దొన్నె పక్కన పెట్టి నా వైపు చూశాడు.

మిగిలిన కాయ

మరుసటి రోజు షాపులో గంప అడుగున నాలుగైదు కాయలు మిగిలి ఉన్నాయి. సాయంత్రం ఉపవాసం విడిచాక ఒకటి విప్పి తిన్నాను. బెల్లంలా తియ్యగా ఉంది. ఇంకో కాయ గుజ్జును చిన్న పళ్లెంలో వేసి బట్టీలో పెట్టి తీశాను. నాలుక మీద పెట్టుకుంటే వేపాకంత చేదు, నిన్న అక్కడ అందరూ వదిలేసింది ఇదే. ఆ చేదు కాయలో లేదు, వేడి తగిలి వచ్చింది.

కాబట్టి నాకు తెలియదని చెప్పుకునే వీలు లేదు. ఒక్క రోజులోనే తెలిసింది. తెలియక చేసిన తప్పు ధర్మవరంలో ముగిసింది, తెలిసి దాచిన తప్పు ఆ సాయంత్రం మొదలైంది. అప్పటికే సిద్దప్ప వచ్చి, నేను చెప్పిన కథ విని, ఆమె దగ్గర ఇంక ఏమీ కొనొద్దని చెప్పి వెళ్లాడు.

ధర్మవరం బస్సుల్లో మాట పెనుకొండ చేరింది. పెనుకొండ నుంచి కూడలికి వచ్చింది. మందు కాయలు. ఒకరోజు నాగమ్మవ్వ షాపు మెట్ల దగ్గర నిలబడింది.

"ఏమప్పా బాషా, నా కాయల్లో ఏం చూసినావు?"

"నాకేం తెలుసవ్వా. ఓనరు కొనొద్దన్యాడు" అన్నాను.

ఆమె నన్ను కాసేపు చూసి వెళ్లిపోయింది. అది నా రెండో అబద్ధం. మొదటిది భయంతో చెప్పాను, రెండోది మామూలుగానే వచ్చేసింది.

ఆ తర్వాత నుంచి షాపులో నిలబడి చూస్తే ఒకటి కనిపించేది. ఎవరైనా కాయలు అడిగితే ఆమె మొదట ఒక కాయ విప్పి, వాళ్ల ఎదురుగా తాను తినేది. నమిలి, మింగి, గింజలు పక్కన పెట్టి, అప్పుడు తక్కెడ అందుకునేది. నొక్కితే నీదే అని గద్దించిన మనిషి, తన కాయలో విషం లేదని తిని చూపించుకోవలసి వచ్చింది. రోజుకు ఎన్ని తినేదో. ఒకసారి కడుపు పట్టుకుని గంప పక్కనే పడుకుని ఉండటం చూశాను. నేను రొట్టెలు పంచడానికి వెనక సందులో నుంచి పోవడం మొదలుపెట్టాను. అట్లా ఒక సీజన్ పోయింది.

పోగు తెగితే

మరుసటి ఏడు కాయలు మొదలైన కొత్తలో, రంజాన్‌కు ముందు, ఒక ముసలాయన చేతిలో సంచితో షాపులోకి వచ్చాడు. ధర్మవరం పెద్దాయన. బెంగళూరులో కళ్లు చూపించుకుని తిరిగి వస్తూ బస్సు దిగానన్నాడు. కుర్చీ వేశాను, కూర్చోలేదు.

"ఆ కూడల్లో యవ్వ, కాయ అమ్మే ముందర తానొకటి తింటాండాది. ఏంటికమ్మా అంటే నీ పేరు చెప్పింది. నిజమేనా?"

నేను బల్ల మీది పిండి తుడవడం మొదలుపెట్టాను.

"చిన్నప్పుడు నేనూ మేకలు తిప్పినోన్నే మాస్టరూ. పచ్చికాయను నిప్పుల్లో కాలిస్తే కమ్మగుంటాది. పండును కాలిస్తే నోట్లో పెట్టలేము. నీది నోట్లో పెట్టుకోగానే తెలిసిపాయ నాకి."

"మరి ఆ రోజే చెప్పింటే..." అన్నాను.

"నలుగుర్లో నీ పరువు తియ్యడం ఏంటికిలే అనుకుంటి. రేపో మాపో నువ్వే వచ్చి చెప్తావులే అనుకుంటి. తీసకపోయి ఆ యమ్మ నెత్తిన పెట్టినావని నాకేం తెలుసప్పా?" ఆయన సంచిని బల్ల మీద పెట్టాడు. నిండా సీతాఫలాలు. "యాభై ఏండ్లు నేసినా. పోగు తెగితే నా చెయ్యి చూసుకుంటి గానీ పట్టుపురుగుని తిట్టలేదు."

ఆ సంచి అక్కడే వదిలేసి బస్సెక్కాడు. నాకు ఏడుపొచ్చింది. దాచుకోకుండా చెబుతున్నాను, పిండి చేతులతోనే మొహం కప్పుకుని ఏడ్చాను.

ఊరికి చెప్పు

సిద్దప్పకు ఫోన్ చేసి అంతా చెప్పాను.

"పిచ్చి పట్టినాదా నీకి? ఇంకోళ్లకి చెప్పొద్దు. మాస్టర్‌కి పని రాదంటే అంగడికి ఎవరొస్తారు? ఊరికే ఉండు" అన్నాడు.

ఆయన చెడ్డవాడు కాదు. మూడు తరాల షాపు ఏమైపోతుందోనని ఆయన భయం. కానీ ఆ భయానికి బలయ్యేది వేరే మనిషి అని ఆయనకు తోచలేదు. ఏడాది పాటు నాకూ తోచలేదు, ఆయన్ని అనడానికి నాకు నోరెక్కడిది?

ఫోన్ పెట్టేసి నేరుగా కూడలికి నడిచాను. నాగమ్మవ్వ ముందు గొంతుక్కూర్చుని చెప్పాను. చేదు నా బట్టీది, నీ పేరు చెప్పింది నేను, ఓనరు కాదు. ఆమె గంపలో గడ్డి సర్దుతూనే ఉంది.

"నాకు చెప్పి ఏం లాభమప్పా? నాకు తెలీదా ఏంది? పండు పొయ్యెక్కితే చేదని మా యమ్మ నేనింత ఉన్నప్పుడే చెప్పింది. దినామూ పిలిచేవాడివి, ఆ పొద్దు ఒక్క కేక వేసింటే నేను చెప్పనా?" అని తల ఎత్తింది. "నువ్వు చెప్పాల్సింది నాకు కాదు. ఊరికి చెప్పు."

సంత రోజు కోసం ఆగాను. ఇంట్లో కిరోసిన్ స్టవ్వు, ఒక గిన్నె, చెంచాలు తీసుకుని కూడలికి వెళ్లాను. హసీనా వెంట వస్తానంది, వద్దన్నాను, అయినా వచ్చి స్టవ్వు వెలిగించింది. నాగమ్మవ్వ కాయలు ఆమె గంపలో నుంచే తీసి, సగం గుజ్జు ఆకులో పెట్టాను, సగం గిన్నెలో వేడి చేశాను. జనం పోగయ్యారు. సంతలో ఉచితంగా పంచితే పోగవకుండా ఉంటారా?

"ముందు ఇది తినండి, తర్వాత ఇది తినండి. రెండూ ఒకే కాయ" అన్నాను.

తిన్నారు, మొహాలు తిప్పుకున్నారు. పోయినేడు ధర్మవరంలో జరిగింది ఇదేనని, కాయల్లో ఏ మందూ లేదని, తప్పు నాదని, అవ్వ మీద నెట్టింది నేనేనని గట్టిగా చెప్పాను. చెప్పిందే మళ్లీ మళ్లీ, వచ్చిన ప్రతి గుంపుకూ చెప్పాను.

"అంటే నీకు పని రాదనా మాస్టరూ?" అని ఒకతను నవ్వాడు.

"ఆ పని రాదన్నా" అన్నాను.

ముప్పై ఎనిమిదేళ్లలో నేను పలికిన కష్టమైన మాట అదే. పలికాక తేలికైంది. నాగమ్మవ్వ చేతులు కట్టుకుని పక్కనే నిలబడింది, నన్ను ఆపలేదు, మెచ్చుకోలేదు. సాయంత్రానికి ఆమె గంప ఖాళీ అయింది. ధర్మవరంలో శ్రీనివాసులుకు వాళ్ల నాయనే చెప్పాడట.

సిద్దప్ప ఆ నెల చివర నన్ను పెనుకొండ నుంచి తీసేసి, హిందూపురంలో రస్కులు కోసే బల్ల దగ్గర వేశాడు. రెండేళ్లు రస్కులు కోశాను. ఆ తర్వాత ఆయనే పిలిచి మళ్లీ బట్టీ అప్పగించాడు. "నీ తర్వాత వచ్చినోళ్లు ఎవరూ తప్పు ఒప్పుకోరు బాషా. తప్పు యాడుండాదో తెలీక నాకు చావొచ్చింది" అన్నాడు. ఆయన నన్ను క్షమించిన తీరు అది.

పండును ఎట్లా వేడి చేయాలి

పెనుకొండ వదిలే ముందు, ఆ రంజాన్‌లో, ఆ వంటకాన్ని సరిచేశాను. పద్ధతి రాసి పెడుతున్నాను, పనికొస్తుంది.

పాలు సగానికి మరగకాచి, కోవా, బెల్లం, యాలకులు వేసి, రస్కు పొడి పరిచిన ట్రేలో పోయండి. దిగే వేడిలో గట్టిపడేదాకా ఉంచండి. ఇప్పటి ఓవెన్లలో అయితే వేడి తక్కువలో పెట్టండి. బయటికి తీశాక ఆగండి. ట్రే అడుగున అరచెయ్యి ఆనించి ఇరవై లెక్కపెట్టగలిగితే అప్పుడు సీతాఫలం గుజ్జు పైన పరచండి. అంతకన్నా ముందు వద్దు. ఆ గోరువెచ్చనకు గుజ్జు మెత్తబడుతుంది, వాసన లేస్తుంది, చేదెక్కదు. నిప్పులోకి పోవాల్సిన పండు జామ. సీతాఫలం పొయ్యి పక్కన కూర్చునే పండు, పొయ్యిలో దిగేది కాదు.

మొదటి ట్రే చేసినప్పుడు ఉపవాసంలో ఉన్నాను. నాగమ్మవ్వను పిలవాలంటే నోరు రాలేదు. చివరికి షాపు మెట్ల మీద నుంచి పిలిచాను. కొంగుకు చేతులు తుడుచుకుంటూ వచ్చింది. ఒక చెంచా తిని, ఇంకో చెంచా తింది.

"ఇప్పుడు బాగుండాది" అంది.

కొత్తగా వచ్చే పిల్లలకు నేనిచ్చే సలహా ఇంతే. మైదా బాగాలేదని, ఈస్టు పాతదని, కరెంటు పోయిందని అనే ముందు ఒకసారి మీ చెయ్యి చూసుకోండి. ఒక్కోసారి నిజంగానే మైదా బాగుండదు. అప్పుడు కూడా అమ్మినవాడి పేరు చెప్పే ముందు ఒక పిడికెడు విడిగా కలిపి చూడండి. మీరు పేరు చెప్పినంత తేలికగా ఆ పేరు మళ్లీ బాగుపడదు.

అలవాటు

చాలా ఏళ్లకు, బంధువుల పెళ్లికని పెనుకొండ వెళ్లాను. రంజాన్ అప్పటికి ఎండాకాలంలోకి జరిగిపోయింది. కూడలి వెడల్పయింది, గంపల పక్కన ప్లాస్టిక్ కుర్చీలు వచ్చాయి. నాగమ్మవ్వ అదే చోట కూర్చుని ఉంది, ఇంకా చిన్నదైపోయి. ఆ తర్వాతి ఏడాదే ఆమె పోయిందని విన్నాను, కాబట్టి ఆమెను చూడటం అదే ఆఖరు.

నన్ను గుర్తుపట్టింది. "తల ఉడికినాదా అప్పా?" అంది. ఉడికిందవ్వా అన్నాను. ఇంటికి కాయలు కావాలన్నాను.

ఆమె గంపలో నుంచి ఒక కాయ తీసి, నా ఎదురుగా విప్పి, నోట్లో పెట్టుకుంది.

"ఇంకా ఎందుకవ్వా? అందరికీ తెలిసిపోయింది కదా. ఇప్పుడు ఎవరూ అడగడం లేదు కదా" అన్నాను.

"ఎవరూ అడగరులేప్పా. అలవాటైపోయినాది."

పళ్లు లేని నోటితో ఆమె చాలాసేపు నమిలింది. గింజలు ఒక్కొక్కటే చేతిలోకి ఊసుకుని పక్కన పెట్టింది. నేను సంచి పట్టుకుని నిలబడ్డాను. మింగాక, నోరు తుడుచుకుని, అప్పుడు నాకు కాయలు ఏరడం మొదలుపెట్టింది.